నిండు కార్డు

"ఆస్పత్రికి బయల్దేరేలోపు వాడి చొక్కాలు నానబెట్టెయ్. జేబులు చూడడం మర్చిపోకు" అంది అత్తగారు, కుర్చీలోంచి లేవకుండానే.

జేబులు చూడడం మర్చిపోవడమా! లోకంలో ఇంకేం మర్చిపోయినా ఆమె అది మర్చిపోదు. రోజుకి ఎనిమిది గంటలు రెడీమేడ్ బట్టల షెడ్డులో ఆమె చేసేది ఆ పనే. కుట్టు మిషన్ల వరస మీంచి వచ్చిన చొక్కాని బల్ల మీద పరిచి, కాలరు లాగి చూసి, కాజాల్లో బొత్తాలు దూరుతున్నాయో లేదో చూసి, జేబులో వేళ్ళు పెట్టి మూలల కుట్టు గట్టిదో కాదో చూసి, అంతా బాగుంటే 'చూసినవారు: 14' అని అచ్చేసిన చీటీ ఒకటి ఆ జేబులోనే పెట్టి పక్కకి తోస్తుంది. షెడ్డులో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. "పద్నాలుగూ, టీ తాగావా?" "పద్నాలుగూ, మొహం అలా పెట్టావేంటి?" ఎక్కడో ఊరుకాని ఊళ్ళో ఎవరో ఆ చొక్కా కొనుక్కుని, చంక కింద కుట్టు విడిపోయిందని వెనక్కి పంపితే సూపర్‌వైజరు నేరుగా చీటీ తీసి చూస్తాడు. కుట్టినవాణ్ణి పిలవడు. గంటకిన్ని కుట్టి తీరాలని నెత్తిన కూర్చున్నవాణ్ణి అసలే పిలవడు. చూసినదాన్ని పిలుస్తాడు. ఆరేళ్ళలో ఆమెని అలా పిలిచింది రెండే రెండుసార్లు. ఆ రెండు రోజులూ ఆమెకి ముద్ద దిగలేదు.

అలాంటి మనిషి ఇంట్లో మాత్రం ఏడాదిపాటు తప్పుడు చీటీలు పెట్టింది. ఆ సంగతి ఆమెకీ, మొగుడికీ, అత్తగారికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇవాళ పది గంటలకి ఆస్పత్రిలో డాక్టరు అడగబోయేది ఆ సంగతే. ఏం చెప్పాలో రెండు రోజులుగా ఇంట్లో ఆమెకి పాఠం నడుస్తోంది.

ఆమె చొక్కాలు బకెట్లో వేసి కుళాయి తిప్పింది.

మొగుడు లిఫ్టు మెకానిక్కు. పెళ్ళయిన ఏడాదికి లిఫ్టు గుంతలో జారిపడి నడుం దెబ్బ తగిలించుకున్నాడు. నొప్పికని మొదలుపెట్టిన ఇంజెక్షన్లు నొప్పి పోయాక కూడా వదల్లేదు. ముందు ఆస్పత్రిలో, తర్వాత మందుల షాపులో, ఆ తర్వాత ఎక్కడెక్కడో. తోటి పనివాళ్ళు ఇద్దరు, వీడొకడు, ముగ్గురికీ ఒకటే సూది. ఆ సూదిలోంచి హెచ్ఐవీ వచ్చింది. ఆ రోజుల్లో వాంతులు ఎత్తిపోసింది ఎవరో, అతను గోడకి తల బాదుకుంటుంటే మధ్యలో తన చెయ్యి అడ్డం పెట్టింది ఎవరో ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. పెళ్ళాం కదా, చేస్తుంది. జీతానికి పెట్టుకున్న మనిషి అయితే ఒక్కరోజు ఉండేది కాదు. చివరికి పెద్దాస్పత్రిలో మత్తు మాన్పించే విభాగంలో చేర్చుకున్నారు. అక్కడ కిటికీ దగ్గర కొలిచి ఒక సిరప్ తాగిస్తారు. అది తాగితే ఒళ్ళు పీకదు, సూది మీదికి మనసు పోదు, మనిషి మనిషిలా పనికి వెళ్ళొస్తాడు. దాంతోపాటు హెచ్ఐవీకి రోజుకో మాత్ర, నెలకోసారి డబ్బాలో పెట్టి ఇంటికిస్తారు. ఆ జబ్బు మీదా, ఆ మత్తు మీదా ఆమెకి కోపం లేదు. పడ్డవాడు పడ్డాడు, లేస్తున్నాడు. ఆమె కోపం వేరు.

ఆ విభాగంలో ఒక పద్ధతి ఉంది. మాత్రల డబ్బాతోపాటు ముప్ఫై గళ్ళ కార్డు ఒకటి ఇస్తారు. రోజూ ఎనిమిదింటికి మాత్ర మింగించి, ఇంట్లో పూచీ తీసుకున్న మనిషి గడిలో టిక్కు పెట్టి నెలాఖరుకి కింద సంతకం చేయాలి. కార్డు నిండుగా ఉంటే సిరప్ కోసం రోజూ క్యూలో నిలబడక్కర్లేదు, వారానికి సరిపడా సీసాలు ఇంటికిస్తారు. గళ్ళు ఖాళీగా ఉన్నాయా, మళ్ళీ కిటికీ, మళ్ళీ రెండు గంటల క్యూ, పనికి ఆలస్యం, ఆపైన ఉద్యోగం హుళక్కి. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, మనుషుల్ని నిజం చెప్పనివ్వకుండా చేయడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఇంకోటి దొరకదు. ఇక ఆ పూచీ తీసుకునే మనిషి ఎవరన్నది ఎవరూ అడగనే లేదు. కౌన్సిలరమ్మ పెన్ను మూత తీసి, కార్డు ఆమె వైపు తోసింది, అంతే.

ఏడాది కిందట ఒక ఆదివారం పొద్దున్న, అతని నీలం చొక్కా జేబులో ఆమె వేళ్ళకి నాలుగు మాత్రలు తగిలాయి. ఒకటి సగం కరిగి బట్టకి అంటుకుపోయింది. రోజూ మంచినీళ్ళ గ్లాసుతో తన చేత్తో అందించే మాత్రల్ని ఆమె పోల్చుకోలేదా? నోట్లో వేసుకుని, ఆమె వంటింట్లోకి తిరగ్గానే ఉమ్మి జేబులో వేసుకుంటున్నాడు.

"ఏంటండీ ఇవి?"

అతను మంచం మీద కూలబడ్డాడు. "ఆ మాత్ర వేసుకుంటే సిరప్ పనిచెయ్యట్లేదు. దాని బలం ఇది లాగేస్తోంది. సాయంత్రం నాలుగయ్యేసరికి ఎముకల్లో పురుగులు పాకినట్టుంటుంది. చెమటలు, ఆవలింతలు. లిఫ్టు తీగ పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. మాత్ర మానేసిన రోజు హాయిగా ఉంటున్నాను."

"మరి ఆ ముక్క డాక్టరుగారికి చెప్పండి."

"చెబితే మళ్ళీ సూది పట్టాననుకుంటారు. సీసాలు ఆపేస్తారు. నీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకు."

ఈలోపు అత్తగారు తలుపు దగ్గరికొచ్చేసింది. ఆవిడ చెవులు గోడలకుంటాయి. "వాడు పడ్డ నరకం చాలదూ? ఏ రోజు వేసుకోగలిగితే ఆ రోజు వేసుకుంటాడు. గడిలో టిక్కు పెట్టడానికి నీ సొమ్మేం పోయింది?"

ఆమె టిక్కు పెట్టింది. ఆ రోజూ, ఆ మర్నాడూ. కానీ ఊరికే కూర్చోలేదు. ఈ మాట ఎవరూ నమ్మరని తెలిసే ఆమె ఇన్నాళ్ళూ గుర్తు పెట్టుకుంది. ఆ నెల ఆస్పత్రికి వెళ్ళినప్పుడు, అతను సీసాల కోసం కిటికీ దగ్గరుండగా, కౌన్సిలరమ్మ గదిలోకి వెళ్ళి నిలబడింది. ఏం చెప్పాలో మూడు రోజులు షెడ్డులో బల్ల దగ్గర లోలోపల అనుకుని వెళ్ళింది. "సాయంత్రాలు ఆయనకి ఒళ్ళు పీకుతోందండీ. ఆ మాత్ర వేసుకున్న రోజు ఎక్కువగా ఉంటోందంటున్నారు. సిరప్ చాలడం లేదేమో, డాక్టరుగారికి ఒక్కమాట చెబుతారా?"

కౌన్సిలరమ్మ చాలా మంచిది. టీ ఇప్పిస్తుంది. "మత్తులోంచి బయటపడేవాళ్ళకి చిరాకులూ నొప్పులూ మామూలేనమ్మా. ఇంట్లో ఆడదాని ఓపికే వాళ్ళకి సగం మందు. సాయంత్రం ఆయన రాగానే సమస్యలు ఏకరువు పెట్టకు. కాస్త నవ్వుతూ ఎదురెళ్ళు" అంది. అని ఫైల్లో ఏదో రాసుకుంది. రెండు లైన్లు. ఆమె కళ్ళు అలాంటివి వదలవు.

సరే, నవ్వుతూ ఎదురెళ్ళింది. షెడ్డులో ఎనిమిది గంటలు నిలబడి, బస్సులో గంట వేలాడి, వచ్చి వంట చేసి, గిన్నెలు తోమి, ఆ మధ్యలో తీరిక చేసుకుని మరీ నవ్వింది. నెలనెలా కార్డులు నిండాయి. ఏడాదికోసారి చేయాల్సిన వైరస్ లెక్క పరీక్ష కూడా ఆ నిండు కార్డు చూసే వాయిదా వేశారు. "మిషను రిపేరుకెళ్ళిందమ్మా. అయినా మీ కార్డు ఇంత చక్కగా ఉందిగా, తొందరేం లేదు" అన్నారు. ఈమె ఎంత చక్కగా టిక్కులు పెడుతుందో చూడమని పక్కనున్న వేరే ఆడవాళ్ళకి చూపించారు కూడా. ఒక ముసలావిడ ఆ కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, "మాకూ ఇలాంటి కోడలుంటే" అని నిట్టూర్చింది. ఆమెకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఇంకోటుంది. అది తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. రెండేళ్ళ కిందట డాక్టరుగారు అతనితో అన్నారు, మాత్ర రోజూ వేసుకుని వైరస్ పూర్తిగా అణిగి ఉంటే అది భార్యకి అంటదని. గంటసేపు చెప్పిన దాంట్లో అతనికి చెవిన పడింది ఆ ఒక్క ముక్కే. ఆ రోజుతో కండోమ్‌కి నీళ్ళొదిలాడు. జేబులో మాత్రలు దొరికాక ఆమె మళ్ళీ కండోమ్ మాటెత్తింది. అతను కొట్టలేదు, అరవలేదు. ఏడ్చాడు. "నువ్వు కూడా నన్ను అంటరానివాణ్ణి చేస్తావా? కార్డు నిండుగానే ఉంది కదా, నీ చేత్తో పెట్టిన టిక్కులే కదా!" అన్నాడు. అబద్ధమని ఇద్దరికీ తెలిసిన కార్డుని ఆమె ఒంటి మీద హక్కుపత్రంలా చూపించాడు. తిట్టే మగాణ్ణి ఎలా ఎదుర్కోవాలో ఆమె అమ్మ కాస్తో కూస్తో నేర్పింది. ఏడ్చే మగాణ్ణి వద్దనడం ఎవరూ నేర్పలేదు. పక్కగదిలో అత్తగారు గట్టిగా దగ్గింది. ఆ దగ్గుకి అర్థం కూడా ఆమెకి తెలుసు. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకుంది అనకూడదేమో, ఊరుకుంది. ఆర్నెల్ల క్రితం దాకా ఆమె రక్తపరీక్షలో ఏమీ లేదు. నెలన్నర కిందట ఉంది. ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి ఇద్దరి రక్తమూ ఇంకో పరీక్షకి పంపి, ఆ రిపోర్టులొచ్చాకే ఆమెకి మందు మొదలుపెడదామన్నారు.

తనకీ ఉందని తెలిసిన మర్నాడు సెలవు అడిగితే సూపర్‌వైజరు పళ్ళికిలించాడు. "పద్నాలుగూ, మీ ఇంట్లో ఎప్పుడూ ఎవరికో ఒకరికి జబ్బేనా? రేపు నీకే వస్తే ఏం చేస్తావ్?" అన్నాడు. బొత్తాల మిషను మీద పనిచేసే ఆవిడ, షెడ్డులో అందరికీ బొత్తాలక్క, అది విని మిషను ఆపింది. మధ్యాహ్నం చేతులు కడుక్కుంటుంటే పక్కకొచ్చి, "ఏంటి సంగతి అని నేనడగను. నా గదిలో రెండో మంచం మీద పాత పేపర్లు పేర్చి ఉన్నాయి. తీసెయ్యడం నిమిషం పని. నోరు తెరిచి అడిగితే చాలు" అంది. ఆమె ఆ రోజు నోరు తెరవలేదు.

ఆస్పత్రి వసారాలో చెక్కబల్ల మీద ముగ్గురూ వరసగా కూర్చున్నారు. మధ్యలో ఆమె. అటూ ఇటూ తప్పించుకోకుండా కూర్చోబెట్టినట్టే ఉంది.

"అడగ్గానే తడబడకు" అంది అత్తగారు గొంతు తగ్గించి. "పనుల ఒత్తిడిలో మాత్ర ఇవ్వడం మర్చిపోయేదాన్నని చెప్పు. తిడతారు, పడు. ఆడదానివి, నిన్నేం చేస్తారు? వాడు ఎగ్గొట్టాడంటే మాత్రం సీసాలు ఆపుతారు, ఉద్యోగం పోతుంది, మళ్ళీ ఆ సూదే గతి."

"అబద్ధం చెప్పమంటున్నారా అత్తయ్యా?"

"కొత్తగా చెబుతున్నట్టు!" అంది ఆవిడ. తర్వాత ఇంకా నెమ్మదిగా, నచ్చజెబుతున్నట్టే అంది. "నీకెలాగూ వచ్చేసింది కదే. వాణ్ణైనా బతకనీ."

ఆమె మొగుడి వైపు తిరిగింది. అతను ఆ మాట విన్నాడు. బూటుకున్న మట్టిని రెండో బూటుతో గీకుతున్నాడు. ఏదో ఒకటి అంటాడని ఆమె చూసింది. "ఊరుకో అమ్మా" అన్నా చాలు. ఏమండీ అని పిలిచి ఆరేళ్ళపాటు మంచినీళ్ళు అందించిన మనిషి కోసం ఒక్క "ఊరుకో" ఖర్చు పెట్టలేకపోయాడు.

నీకెలాగూ. ఆమెకి ఒళ్ళు భగ్గుమంది. ఇన్నాళ్ళూ వచ్చిన కోపమంతా తన మీదే వచ్చేది, గట్టిగా అడగలేకపోయాననీ, దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకోలేకపోయాననీ. ఇవాళ మొదటిసారి అది తిన్నగా వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది.

లోపల డాక్టరు బల్ల మీద రెండు ఫైళ్ళు, రెండు రిపోర్టులు. పక్క కుర్చీలో కౌన్సిలరమ్మ, ఒళ్ళో కొత్త కార్డులు. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ముందు అతనితో మాట్లాడాడు. "మాత్ర ఒకరోజు వేసుకుని రెండు రోజులు మానేస్తే వైరస్ చావదు, ఆ మందుని తట్టుకోవడం నేర్చుకుంటుంది. మీలో నేర్చుకుంది. ఇప్పటిదాకా వాడిన మాత్రలో రెండు మందులు ఇక మీకు పనిచెయ్యవు." తర్వాత రెండో రిపోర్టు ఆమె వైపు తిప్పాడు. "అమ్మా, మీ ఒంట్లో ఉన్నదీ అదే. ఆయనలో ముదిరిందే మీకొచ్చింది. అందుకని మీకూ ఆ మందులు పనిచెయ్యవు."

"నేనింకా ఒక్క మాత్ర కూడా మింగలేదండీ" అంది ఆమె.

"అవును. మింగకపోయినా అంతే."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఒక్క మాత్ర మింగకుండా, ఒక్కరోజు ఎగ్గొట్టకుండా, ఎగ్గొట్టినవాడి ఫలితం ఆమెకి పూర్తిగా అందింది. ఇంట్లో ఏదీ ఆమెకి ఇంత సమానంగా పంచింది లేదు.

"కంగారు పడకండి, వేరే రకం మందులున్నాయి. రోజూ వేసుకుంటే మామూలుగా బతకొచ్చు" అన్నాడు డాక్టరు. "కానీ నాకు అర్థం కానిది ఒకటే. కార్డులన్నీ నిండుగా ఉన్నాయి. మరి ఇదెలా జరిగింది? మాత్ర ఇచ్చే పూచీ మీదే కదమ్మా?"

అత్తగారి మోచెయ్యి ఆమె పక్కటెముకకి తగిలింది. అతను గొంతు సవరించుకుని, ఆమెకి సాయం చేస్తున్నట్టు అన్నాడు. "తనకి షెడ్డులో పని ఎక్కువండీ. అప్పుడప్పుడూ మర్చిపోయేది. పాపం, కావాలని కాదు."

పాపం అట! ఆమె నవ్వబోయి ఆపుకుంది.

"నేను ఒక్కరోజు కూడా మర్చిపోలేదండీ" అంది. "రోజూ ఎనిమిదింటికి చేతికిచ్చాను. ఆయన ఉమ్మేశారు. ఆ మాత్రలు ఆయన జేబుల్లోంచి ఏడాదిపాటు ఏరాను. ఉమ్మేసిన రోజు కూడా నేను టిక్కు పెట్టాను. ఆ టిక్కులు నావి, అబద్ధపువి. అది నా తప్పు, రాసుకోండి. మిగతాది నా మీద రాయకండి."

అత్తగారు "ఓసి నీ..." అని మొదలుపెట్టి, డాక్టరుని చూసి మింగేసింది. అతని మొహం పాలిపోయింది. "ఆ మాత్ర వేసుకుంటే సిరప్ నిలబడట్లేదండీ, తట్టుకోలేకపోయాను" అన్నాడు సన్నగా. ఏడాదిగా చెప్పాల్సిన మాట, పెళ్ళాం నోరు విప్పాక గానీ బయటికి రాలేదు.

డాక్టరు తల పట్టుకున్నాడు. "ఆ మాత్రతో కొంతమందికి అలా అవుతుంది. సిరప్ డోసు కొంచెం పెంచితే సరిపోయేది. ఐదు నిమిషాల పని! ఒక్కరైనా నాకు చెప్పి ఉండాల్సింది కదమ్మా."

"చెప్పాను."

"ఎవరికి?"

"ఆయన ఫైల్లో ఉంటుంది. నిరుడు, ఇదే నెల. వెనక్కి తిప్పండి."

కౌన్సిలరమ్మ చెయ్యి ఫైలు వైపు కదిలి మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయింది. డాక్టరు ఒక్కో కాగితం వెనక్కి తిప్పి, ఒకచోట ఆగి, చదివాడు. పైకే చదివాడు, పాపం అలవాటు కొద్దీ. "సాయంత్రం ఒంటినొప్పుల గురించి భార్య ఫిర్యాదు. ఓపికగా ఉండమని భార్యకు సర్దిచెప్పి పంపడమైనది."

 కిటికీ బయట సిరప్ క్యూలో ఎవరో ఎవరినో ముందుకి జరగమంటున్నారు. మొగుడి నొప్పి ఆమె నోటితో వచ్చేసరికి అది నొప్పి కాకుండా పోయి, పెళ్ళాం సణుగుడు అయిపోయింది. మందు మొగుడికివ్వాల్సింది పోయి ఓపిక పెళ్ళానికిచ్చారు. ఆ రెండు లైన్లు రాసే బదులు కౌన్సిలరమ్మ డాక్టరు గది తలుపు తట్టి ఉంటే ఆమె రక్తం ఇవాళ శుభ్రంగా ఉండేది. ఇంతే కథ. ఇంత చిన్నది.

"నువ్వు ఆ రోజు ఇంకాస్త గట్టిగా చెప్పాల్సిందమ్మా" అంది కౌన్సిలరమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"వినడానికి జీతం తీసుకునేది మీరండీ" అంది ఆమె. గొంతు పెరగలేదు. "ఇక్కడ నేను జీతం లేకుండా పనిచేశాను. నర్సు పని, గుమాస్తా పని, కాపలా పని. మీరడిగిన నవ్వు కూడా నవ్వాను." తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "సీసాలు మాత్రం ఆపకండి. ఆపుతారన్న భయంతోనే ఇంతా జరిగింది. డోసు పెంచండి. నిజం చెప్పినవాళ్ళకి శిక్ష వేస్తే మీ కార్డులన్నీ నిండుగానే ఉంటాయి."

డాక్టరు పెన్ను తీశాడు. మందుల చీటీలు రాశాడు, సిరప్ డోసు మార్చాడు, ఆమెకి మొదటి మాత్ర అక్కడే ఇప్పించాడు. గ్లాసు ఆమే ముంచుకుంది. మాత్ర పెద్దది, గొంతులో కాస్త అడ్డం పడి దిగింది.

కౌన్సిలరమ్మ అలవాటుగా పెన్ను మూత తీసి రెండు కొత్త కార్డులు ఆమె ముందు పెట్టింది. "రెండిట్లోనూ పూచీ దగ్గర సంతకం చెయ్యమ్మా."

ఆమె తన కార్డు మీద సంతకం చేసింది. మొదటి గడిలో టిక్కు పెట్టింది, నిజం టిక్కు. రెండో కార్డు మొగుడి ముందుకి తోసి, పెన్ను దాని మీద పెట్టింది.

"మరి ఆయన కార్డులో టిక్కులు ఎవరు పెడతారమ్మా?"

"మింగినవాళ్ళు."

వసారాలోకి వచ్చి ఆమె బొత్తాలక్కకి ఫోను చేసింది. "అక్కా, మంచం మీద పేపర్లు తీసెయ్యి" అంది. అవతల నుంచి "పొద్దున్నే తీసేశానే" అని వినిపించింది.

అత్తగారు రొప్పుతూ వెనకాలే వచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసి, "ఏ మొహం పెట్టుకుని వెళ్తావే? ముందు ఇంటికి పద. వాడికి రేపటికి తొడుక్కోవడానికి లేదు, చొక్కాలన్నీ బకెట్లో నానుతున్నాయి" అంది.

"నానుతున్నాయత్తయ్యా" అంది ఆమె, బస్సు వచ్చేవైపు చూస్తూ. "జేబులు మాత్రం నేను చూడలేదు."